ఎడమవైపు వంత

మూడు ఊళ్ళలో మూడు మ్యూజిక్ ప్లేయర్లు చూసి, మూడింటిలోనూ పాటలో సగం పలకడం లేదని వంక పెట్టాను. నిజానికి మూడూ చక్కగా ఉన్నాయి. పలకనిది నా ఎడమ చెవి. అది తెలుసుకోవడానికి నాకు రెండు నెలలకు పైగా పట్టింది. ఆ రెండు నెలలూ చెవి లోపల ఏదో తన పని తాను చేసుకుపోతుంటే, నేను బజారులో వస్తువులను తప్పుపడుతూ తిరిగాను.

ఇదంతా షుగరుతో మొదలైంది. మిర్యాలగూడలో మమ్మల్ని చూసే డాక్టరు మందులు రాసి, "మాత్రలు సగమేనమ్మా, మిగతా సగం నడక" అన్నారు. మా కాలనీ పార్కులో మున్సిపాలిటీ వాళ్ళు వ్యాయామానికి ఇనుప సామాను పాతారు. తెల్లవారాక అక్కడ నాలుగు చుట్లు నడిచి, కొంగు నడుముకు దోపుకొని ఆ ఇనుప సైకిలు తొక్కేదాన్ని. ఒంటికి పనీ, మనసుకు నామమూ ఒకేసారి అయితే ఎంత బాగుంటుందో అనిపించింది. అందుకే చిన్న ప్లేయరు ఒకటి కావాలనుకున్నాను.

ఫోను ఉంది కదా అని మీరనవచ్చు. మా ఆయనకు వేములపల్లిలో ఎరువుల దుకాణం. ఆయన ఫోను ఎత్తకపోతే రైతులు నాకు చేస్తారు. నామం మధ్యలో "అక్కా, యూరియా వచ్చిందా?" అని ఒక గొంతు దూరుతుంది. పాపం, వాళ్ళ అవసరం వాళ్ళది. నాకు మాత్రం ఎవరూ పిలవలేని వస్తువు కావాలి. అది కొంగుకు పిన్నులా పట్టుకుని ఉండాలి. చూడకుండానే వేలికి తగిలే మీటలు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వేసిన వరుస తప్పకూడదు.

నేను బడి మెట్టు ఎక్కలేదు. బడి దూరం, మధ్యలో వాగు. మా నాన్న ఇంట్లోనే చెప్పారు. అక్షరాల కంటే ముందు స్తోత్రం చెప్పారు. ఆయన టేప్ రికార్డరులో ఒక క్యాసెట్ ఉండేది. అందులో పెద్దాయన ఒకరు నామం అందిస్తే నలుగురు ఆడవాళ్ళు వంత అందుకుంటారు. ఆయన ఆగిన చోట వాళ్ళు, వాళ్ళు ఆగిన చోట ఆయన. "ముందు చెవికి ఎక్కాలె బిడ్డా, తర్వాత కంటికి అదే ఎక్కుతది" అనేవారు నాన్న. నాకు వచ్చిన చదువంతా చెవి పెట్టిన భిక్షే. అందుకు ఇప్పటికీ పొద్దున లేవగానే ఆయనను తలచుకొని దండం పెట్టుకుంటాను. ఆ క్యాసెట్‌లోని స్తోత్రాన్నే మా అమ్మాయి ఎక్కడో సంపాదించి నాకు మెమరీ కార్డులో వేసిచ్చింది.

బస్టాండు దగ్గరి సెల్‌ఫోన్ల దుకాణంలో అగ్గిపెట్టెలో సగం ఉన్న ప్లేయరు చూపించారు.

"గిది సూడున్రమ్మా. జిమ్ముకు పోయేటోళ్ళంత గిదే కొంటున్నరు. చెమట తగిలినా ఏం గాదు. ఒక్కసారి చార్జింగ్ పెడితే రోజుల తరబడి నడుస్తది" అన్నాడు దుకాణదారు.

"వరుస తప్పుతదా?"

"ఏం వరుస?"

"ఒకటి అయినంక ఒకటి రాకుండ, మధ్యల దుంకుతదా అని."

"అది షఫుల్ అమ్మా. బంద్ చేసిస్త. మీ దేవుళ్ళంత లైన్ల నిలబడ్తరు, పరేషాన్ గాకున్రి."

మరునాడు పార్కులో ఇయర్‌ఫోన్లు విప్పాను. వాటి మీద ఎల్ అనీ ఆర్ అనీ రాసి ఉంది. రాసి ఉన్నదాన్ని రాసి ఉన్నట్టు పాటించడం నాకు అలవాటు. ఎల్ ఎడమకు, ఆర్ కుడికి పెట్టుకుని నడవడం మొదలుపెట్టాను. పెద్దాయన గొంతు వచ్చింది. నామం అందించి ఆగాడు. వంత రాలేదు. మళ్ళీ అందించి ఆగాడు. ఆ ఆగడం ఎంతసేపో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. అందులో నలుగురు ఉండాలి, ఎవరూ లేరు. మనుషులు లేని ఇంటి తలుపు కొడుతున్నట్టు ఆయన నామం తరవాత నామం అందిస్తూనే ఉన్నాడు. రెండో చుట్టు తిరగకుండా ఇంటికి వచ్చేశాను.

దుకాణదారు రెండు చెవులకూ పెట్టుకొని విన్నాడు.

"అన్నీ వస్తున్నయ్ గదమ్మా."

"వంత వస్తలేదు. పాడేటాయన ఒక్కడే ఉన్నడు."

అతను ఇంకో జత ఇయర్‌ఫోన్లు తగిలించి ఇచ్చాడు. మళ్ళీ అంతే. ఈ స్తోత్రం తెలియనివాడు కాబట్టి ఏది తక్కువైందో ఇతనికి తెలియడం లేదని అనుకున్నాను. చివరికి అతను ప్లేయరు వెనక్కి తీసుకుంటూ, "దేవుని పాటలకు గూడ గ్యారంటీ అడుగుతున్నరు, ఇగ మేం ఎట్ల బతకాలె" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మంచివాడు, మారు మాట లేకుండా తీసుకున్నాడు.

అది వడ్ల సీజను. మిల్లులకు పోయే ట్రాక్టర్లు రోడ్డు నిండా బారులు తీరి ఉండేవి. వారం తరవాత పార్కు నుంచి వస్తూ రోడ్డు దాటుతుంటే, ఎడమవైపు నుంచి ఒక ట్రాక్టరు నా చీర అంచు రాసుకుంటూ వెళ్ళి ఆగింది. అది వస్తున్న చప్పుడే నాకు తెలియలేదు.

"ఏందమ్మా, చెవులు ఇంట్ల పెట్టొచ్చినవా? గంత హారన్ కొడుతున్న" అన్నాడు డ్రైవరు.

ఆ రోజు నా చెవుల్లో ఏమీ లేవు. ఆ మాట నన్ను ఆపి ఉండవలసింది. కానీ నేను ఇంటికి రాగానే దీపం వెలిగించి, ప్రాణం నిలబెట్టినందుకు దేవుడికి మొక్కుకున్నాను. మొక్కిన తరవాత ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఆ తరవాత కోదాడ వెళ్ళాను. మా అమ్మాయి అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. పెళ్ళై అక్కడికి వెళ్ళాక దాని మాట కొంచెం అటువైపు మాటయింది. ఆటోలో నా ఎడమ పక్కన కూర్చుంది. దిగేటప్పుడు నా భుజం పట్టుకొని ఊపింది.

"అమ్మా, మూడుసార్లు పిలిచా. నామీద అలిగావా ఏంటి?"

"బండ్ల చప్పుడుల ఇనపడలే" అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

అక్కడి దుకాణంలో అమ్మాయి మెడకు వేసుకునే రకం ఎంచింది. వ్యాయామం చేసేటప్పుడు జారి పడదనీ, ఊడినా మెడ మీదే ఉంటుందనీ చెప్పింది. తాను ఒక చెవికి పెట్టుకొని తల ఊపి, "బానే ఉందిగా" అని నాకు తగిలించింది. పెద్దాయన వచ్చాడు. ఆగాడు. నేను ఊపిరి బిగబట్టి ఎదురు చూశాను. లోపల నుంచి ఏమీ రాలేదు. ఈసారి ఆ ఖాళీలో సన్నగా, దూరంగా, పిండిమర తిరుగుతున్నట్టు ఒక హోరు మాత్రం ఉంది.

"దీంట్ల గూడ లేరు" అన్నాను.

"ఎవరమ్మా?"

"ఆ నలుగురు."

అమ్మాయి దుకాణంవాళ్ళ ముందు సిగ్గుపడింది. బయటికి వచ్చాక, "నీకు కావాల్సింది ప్లేయర్ కాదులే అమ్మా. నలుగురు ఆడాళ్ళని వెంటేసుకుని వాకింగుకి పో" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ హోరు మాత్రం బస్సు ఎక్కినా నాతోనే వచ్చింది. బస్సు ఇంజనేమో అనుకున్నాను. బస్సు దిగాక కూడా ఉంది.

మూడోది సూర్యాపేట. మా ఆయన విత్తనాల పని మీద వెళుతుంటే నేనూ వెళ్ళాను. అక్కడి దుకాణదారు కళ్ళజోడు పెట్టుకున్న పెద్దమనిషి, తొందరపడని మనిషి. నేను చెప్పిందంతా విని, ఒక చిన్న ప్లేయరులో నా కార్డు వేసి తాను ముందు విన్నాడు. తరవాత నాకిచ్చాడు. నేను విని తల అడ్డంగా ఊపాను. ఆయన నా ముఖం వంకే చూస్తున్నాడు.

"అమ్మా, ఒక్కపారి ఇటుది అటు, అటుది ఇటు పెట్టుకోన్రి" అన్నాడు.

"ఎల్ అని రాసి ఉన్నది గదా?"

"ఉండనియ్యున్రి. జర పెట్టి సూడున్రి."

మార్చి పెట్టుకున్నాను. ఆ నలుగురూ వచ్చారు. అంత స్పష్టంగా, అంత దగ్గరగా వాళ్ళను నేనెప్పుడూ వినలేదు. కానీ ఈసారి పెద్దాయన లేడు. అందించేవాడు లేకుండా వాళ్ళు నలుగురే ఎవరికో బదులు పలుకుతున్నారు, ఆగుతున్నారు, మళ్ళీ పలుకుతున్నారు. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను.

"గీ పాటల పెద్దాయన గొంతు ఒక దిక్కు, వంత ఇంకో దిక్కు పెట్టిన్రు" అన్నాడు దుకాణదారు. మా ఆయన వైపు తిరిగి మెల్లగా, "అన్నా, ప్లేయర్ ఏడికి పోదు. ముందు అమ్మను చెవుల డాక్టరుకు సూపియ్యున్రి. ఇయ్యాలనే" అన్నాడు. ఆయన చల్లగా ఉండాలి. అమ్ముకునే మనిషి అమ్మకుండా పంపడం ఊరికే జరగదు.

దవాఖానలో డాక్టరు మోగే ఇనుప పుల్ల ఒకటి నా నుదుటి మీద ఆనించి, ఏ వైపు వినపడుతోందని అడిగారు. కుడివైపే అన్నాను. తరవాత అద్దాల గదిలో కూర్చోబెట్టారు. చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కుడి చెవికి నొక్కుతూనే ఉన్నాను. ఎడమ చెవి మొదలైందో లేదో నాకు తెలియలేదు. వేలు మీట మీదే ఉంచి కూర్చున్నాను. అద్దం అవతల పరీక్ష చేసే ఆవిడ మిషను మీద చేయి తిప్పుతూనే ఉంది, ఏదో రాస్తూనే ఉంది. నేను ఒక్కసారి కూడా నొక్కలేదు.

"ఇంట్లో మీరైనా గమనించలేదా?" అని డాక్టరు మా ఆయనను అడిగారు.

ఆయన తెల్లబోయారు. "నేనెప్పుడూ ఆమెకు కుడిదిక్కే ఉంట సార్" అన్నారు. నిజమే. పీటల మీద కూర్చున్ననాటి నుంచి నేను ఆయనకు ఎడమవైపే. పూజలోనైనా, నడకలోనైనా, సోఫాలోనైనా మాకు అదే అలవాటు. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన మాట నా కుడి చెవిలోనే పడింది.

"ఎప్పటి నుంచి?" అని డాక్టరు నన్ను అడిగారు. అప్పుడు లెక్కపెట్టుకున్నాను. మా వీధి చివర రైసు మిల్లు ఉంది. మధ్యాహ్నం కుడివైపు ఒత్తిగిలి పడుకుంటే దాని చప్పుడు ఈమధ్య ఆగిపోయింది. మిల్లువాళ్ళు ఆ వేళ ఆపుతున్నారనుకొని సంతోషించాను. శుక్రవారాలు పక్కింటి వదిన ఇంట్లో పదకొండుగురం పారాయణం చేస్తాం. నేను మధ్యలో కూర్చుని తప్పులు దిద్దుతాను. ఎడమవైపు కూర్చునే ఐదుగురూ ఎప్పుడూ నామాలు మింగేవాళ్ళు. దసరా దాటినప్పటి నుంచి వాళ్ళ తప్పులు ఒక్కటీ వినపడలేదు. బాగుపడ్డారనుకొని అమ్మవారికి కొబ్బరికాయ కొట్టాను.

అంతా చెప్పాను. డాక్టరు కాసేపు కాగితాలు చూశారు. "నరం దెబ్బతిన్నదమ్మా. మొదటి రెండు వారాల్లో వచ్చి ఉంటే మందులతో ప్రయత్నించేవాళ్ళం. ఇప్పుడు కారణం తేలాలి. ఒక్క పక్కే పోతే లోపల చిన్న గడ్డ ఏమైనా ఉందేమో చూడాలి. హైదరాబాదులో తలకు స్కానింగ్ చేయించండి" అన్నారు.

"కుడి చెవి?"

"ఇప్పటికి బాగుంది."

ఆ 'ఇప్పటికి' అన్న మాట నాకు చాలా బాగా వినిపించింది.

రోడ్డు మీద కుడి చెవిలో ఏదీ పెట్టవద్దన్నారు. అందుకని తిరిగి ఆ పెద్దమనిషి దుకాణానికే వెళ్ళి, సొంతంగా పలికే స్పీకరున్న చిన్న ప్లేయరు తీసుకున్నాం. కుడి భుజం మీద కొంగుకు పట్టుకుంటుంది. అందులో పెద్దాయనా ఆ నలుగురూ ఒక్కచోటి నుంచే వస్తారు. పార్కులో ఆడవాళ్ళు కొందరు నాతో కలిసి నడుస్తూ వింటున్నారు. దేవుడి దయ. స్కానింగు వచ్చే సోమవారం.

మొన్న శుక్రవారం పారాయణానికి వెళ్ళి గోడ పక్కన, వరుసకు ఎడమ కొసన కూర్చున్నాను.

"గాడ కూసున్నవేంది? నడిమిట్ల గద నీ జాగ" అంది వదిన.

"ఇయ్యాల గీడనే బాగున్నది."

మొదలుపెట్టారు. అందరూ నాకు కుడివైపే ఉన్నారు కాబట్టి అందరి గొంతులూ విన్నాను. రెండు నామాలు ఒకటిగా కలిసిపోయాయి. ఒక నామం అసలు లేదు. ఇంకోచోట అర్థమే తిరగబడింది. ఎడమవైపు ఐదుగురే కాదు, వాళ్ళ నుంచి కుడివైపు వాళ్ళకూ అంటుకుంది. కుడివైపు వాళ్ళు ఎప్పుడూ తప్పరన్న నమ్మకంతో నేను అటు చెవి పెట్టి వినలేదు. తడబడే తప్పును దిద్దవచ్చు. ఇది తడబడడం లేదు. గది గదంతా ఒక్క గొంతుతో, నున్నగా, భక్తిగా తప్పు చదువుతోంది.

చేయి ఎత్తి ఆపాను. "వదినా, ఆ నామం అట్ల గాదు."

"అట్లనే గద! ఎన్ని వారాల సంది నీ ముంగటనే సదువుతున్నం. నువ్వు తలకాయ ఊపుతనే ఉంటివి. నువ్వు జర మెత్తబడ్డవని మేమంత అనుకున్నం గూడ."

అప్పుడు నా ఎడమ చెవి సంగతి చెప్పాను. వదిన నా కుడి చెవి వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకొని, "అది మంచిగనే ఉంటది తియ్" అంది.

"ఉన్నది. అందుకే ఒక్కొక్కలు యేరేగ సదవున్రి. నేను వింట" అన్నాను.

మొదటి నామం నుంచి పట్టుకున్నాం. ఒక్కొక్కరూ నా కుడి పక్కకు వచ్చి కూర్చుని చదివారు. ఇళ్ళకు వెళ్ళే వేళకు ఆరుగురివి అయ్యాయి. మిగిలిన నలుగురూ వచ్చే శుక్రవారం చదువుతామన్నారు. శుక్రవారం దాకా వద్దు, రేపే రమ్మన్నాను.