భూదవ్వ చేతి బొట్టు

భూదవ్వ నోరు మంచిదని రామారెడ్డి ఊరి పక్కనున్న ఆ పల్లెలో ఎవరూ ఎన్నడూ అనలేదు. ఎవరి కోడైనా ఆమె వాకిట్లోకి వస్తే కోడిని, కోడి గలవాళ్లను, వాళ్ల వంశాన్ని కలిపి దులిపేసేది. పెనిమిటి పోయి చాలా ఏళ్లయింది, పిల్లాజెల్లా లేరు. కాస్త మెట్ట చెలక, ఒక ముసలి ఎద్దు, ఆ నోరు, ఇదీ ఆమె ఆస్తి. అయినా పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో వానలు ముఖం చాటేసిన ఏడు ఆ ఊళ్లో పిల్లలు బతికి బట్టకట్టారంటే ఆమె చలవే.

కామారెడ్డి బజారులో నలుగురు పూనుకుని జొన్నలు పోగుచేశారు. మైసన్న అనే మనిషి ఆ బస్తాలు బండికెత్తుకుని, వండిపెట్టే చేతులు ఎక్కడ దొరికితే అక్కడ దించుతూ వస్తున్నాడు. భూదవ్వ బండికి అడ్డం నిలబడి "మా ఇంట్ల దించు" అంది. కూలీ లేదు, పాడూ లేదు. రోజూ జొన్నలు విసిరి పెద్ద కాగులో గటక వండేది. విసురుతున్నంతసేపూ వానదేవుణ్ణి తిట్టేది.

డప్పు కొట్టించి చాటించారు. కూలిజనం వచ్చి తిన్నారు. కాపోళ్ల ఇళ్ల నుంచి మాత్రం ఒక్క ప్రాణీ రాలేదు.

"ఆళ్లకు గింజలున్నట్టున్నయవ్వా, ఇండ్లల్ల పొగలొస్తున్నయి" అన్నాడు మైసన్న.

భూదవ్వ ఆ కప్పుల వంక చూసింది. ఆ పొగ ఆమెకు తెలుసు. పెనిమిటి పోయిన ఏడు, ఇరుగుపొరుగు చూస్తారని, తనూ ఉత్త ఎసరు కింద మంట పెట్టుకుంది.

"గింజలుంటె గటక వాసనొస్తది. అవి ఉత్త నీళ్లు. కాపుదనం చేసిన ఇల్లు డప్పు సప్పుడుకు కూటికొస్తదార? బొట్టు పెట్టి పిలిస్తెనే వస్తది."

"మరి ముత్తైదువను తోలరాదు?"

"ముత్తైదువలంత ఆ తలుపుల ఎనకనే ఉన్నరు, ఆకలితోటి."

మగడు పోయిన ఆడదాని చేతి బొట్టు ఏ గడపా ఒప్పదు. ఊళ్లో పెళ్లి ఊరేగింపు వస్తే భూదవ్వే ముందుగా తలుపు వేసుకునేది. కానీ కాపోళ్లింటి సత్యమ్మ పిల్లలు వాకిట్లో కనబడక చాలా రోజులైంది. సత్యమ్మ మగడు నర్సింహులు పని వెతుక్కుంటూ నిజాంసాగర్ కాలువ కిందికి పోయాడు, ఇంకా రాలేదు. ముందు ఆ ఇంటికే పోవాలి. సత్యమ్మ ముఖం తిప్పుకుంటే ఆ పిల్లలు దక్కరు, మిగతా తలుపులూ తెరుచుకోవు.

పెట్టె అడుగున పడి ఉన్న కుంకుమ బరిణె తీసుకుని, పట్టపగలు ఊరంతా చూస్తుండగా నడిచింది.

సత్యమ్మ తలుపు ఓరగా తీసింది. "ఏందవ్వా, గిట్లొచ్చినవ్?"

"కప్పల పెండ్లి చేస్తున్న బిడ్డ, వానల కోసం. ఇంటిల్లిపాది రావాలె. ఇయ్యాల మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ్రి."

ఏ పెళ్లికి పిలిచినా అదే మాట. అది వినగానే సత్యమ్మ చూపు పొయ్యి మీదికి పోయింది. గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. పక్కన చాప మీద పిల్లలిద్దరూ ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉన్నారు.

భూదవ్వ కుంకుమలో వేలు ముంచింది. వేలు అక్కడే ఆగిపోయింది. ఊరందరినీ దులిపే నోరు తడబడింది.

"నా చెయ్యి మంచిది కాదనుకుంటె బరిణె ఇస్త, నువ్వే పెట్టుకో. గని రా బిడ్డ."

సత్యమ్మ ఆమె మణికట్టు పట్టుకుని ఆ వేలిని తన నుదుటికి తెచ్చుకుంది. తర్వాత లోపలికి పోయి గిన్నెడు నీళ్లూ పొయ్యిలో గుమ్మరించింది.

ఆ మధ్యాహ్నం కాపు ఆడవాళ్లు పెట్టెల్లోని మంచి చీరలు కట్టుకుని, పిల్లల్ని చంకనేసుకుని, ఎర్రటి బొట్లతో వచ్చారు. మోదుగాకు విస్తళ్లలో మైసన్న పెళ్లివారి మనిషిలా కొసరి కొసరి గటక వడ్డించాడు. కప్పలేవని ఒక్కరూ అడగలేదు. మళ్లీ వానలు పడేదాకా భూదవ్వ ఏదో ఒక కార్యం కల్పించి పిలుస్తూనే ఉంది. ఒకసారి తన ముసలి ఎద్దుకు సీమంతమని కూడా చెప్పింది. దానికీ అందరూ చక్కగా ముస్తాబై వచ్చారు.

కాలం మళ్లింది. నలభైల మొదట్లో సత్యమ్మ మరిదికి పెళ్లి కుదిరింది. భూదవ్వ ఎప్పటిలాగే తలుపు వేసుకుని కూర్చుంది. సత్యమ్మ తలుపు తట్టి, లోపలికొచ్చి, కుంకుమ బరిణె ఆమె ఒళ్లో పెట్టింది.

"ఊరంత నువ్వే పిలవాలె అవ్వా."

"పిచ్చి లేసిందా నీకు? కరువుల చేసింది వేరు. గిది పెండ్లి."

"కరువుల మంచిదైన చెయ్యి పెండ్లికి చెడ్డదైతదా?"

మగడు పోయిన ఆడది పెళ్లికి బొట్టు పెట్టి పిలవడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. భూదవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, బరిణె పట్టుకుని బయల్దేరింది. ఆమె చెయ్యి ఎత్తకముందే ఆడవాళ్లు నుదురు ముందుకు వంచారు. "ఇయ్యాల మీ ఇంట్ల పొయ్యి ముట్టియ్యకుండ్రి" అంటూ ఇల్లిల్లూ తిరిగింది. ఏ గడపలోనూ ఆమె వేలు ఆగలేదు.