ఎత్తి చూసి కొన్న సైకిల్

పోయిన నెల ఒక పొద్దున నేను ఇడ్లీపాత్ర పొయ్యి మీద పెడుతుండగా టీచర్ దీదీ తమ్ముడు ఫోన్ చేశాడు. "దీదీ తెల్లారగట్ల పోయింది వదినా. నిద్రలోనే," అన్నాడు. పొయ్యి ఆపి, తలుపు దగ్గరగా వేసి, మెట్లెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె పడుకున్నట్టే ఉంది. మంచం పక్కన చెప్పులు ఎప్పటిలాగే వాకిలి వైపు తిరిగి ఉన్నాయి.

ఆమె మాకు చుట్టం కాదు. ఈ దీవుల్లో మేముండే డిగ్నాబాద్‌లో మా వీధి కొండవాలు మీద ఉంటుంది. మా ఇంటి పక్కనుంచి పైకి మెట్లు వెళ్తాయి, ఆ మెట్ల చివరి ఇల్లు ఆమెది. ప్రభుత్వ బడిలో ఆటల టీచరుగా పనిచేసి రిటైరైంది. తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట, ఆమె మాత్రం ఇక్కడే పుట్టి పెరిగింది. పెళ్ళి చేసుకోలేదు. ముసలివాళ్ళ దగ్గర్నుంచి చిన్నపిల్లల దాకా వీధిలో అందరికీ టీచర్ దీదీయే.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు చూపించినా ధర అడిగేది కాదు, రంగు చూసేది కాదు, ముందు చేత్తో ఎత్తి చూసేది. కొత్త కుక్కర్, గొడుగు, ఆఖరికి కొత్త కోడలి గాజులు కూడా అరచేతిలో పెట్టుకుని బరువు చూసేది. పొద్దున్నే మెట్ల దగ్గర నిలబడి బడికెళ్ళే పిల్లల బ్యాగులు ఒక్కొక్కటీ ఎత్తేది. "ఏటమ్మా ఇది, పుస్తకాలా పెంకులా? ఈ రోజు డ్రాయింగ్ ఉన్నాదా? లేదు కదా. మరి ఈ డబ్బా ఎందుకు మోస్తన్నావు?" అని అక్కర్లేనివి తీయించి తన గడప మీద పెట్టించేది. సాయంత్రం ఎవరివి వాళ్ళు తీసుకోవాలి.

ఇది ఆటల టీచర్ల చాదస్తం అనుకునేదాన్ని. అసలు సంగతి ఆమే ఒకసారి మా వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూ చెప్పింది. సునామీనాడు ఆమె ఊరి బయట లోతట్టులో అద్దెకుంటోంది. ఆదివారం పొద్దున భూమి ఊగి ఆగాక అందరూ ఎత్తుగా ఉన్న గట్టు వైపు పరిగెత్తారు. ఆమె తన పాత ఇనప సైకిల్ తీసుకుని, ఇంటివాళ్ళ చిన్నపిల్లని వెనక క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని తోసుకుంటూ బయల్దేరింది. గట్టు ఎక్కబోతే మొదట్లోనే సైకిల్ కదల్లేదు, వెనక నీళ్ళు వస్తున్నాయి.

"పిల్లని ఎత్తుకుని సైకిల్ వదిలీడానికి ఎంతసేపు కావాలి చెల్లీ? క్షణం. నేను వదల్లేకపోయాను. లాగుతూనే ఉన్నాను. ఎవరో వెనకనుంచి నా చెయ్యి మీద కొట్టారు, అప్పుడు వదిలాను," అంది. పిల్ల బతికింది. సైకిల్ దొరకలేదు. ఆ నేలలోకి వచ్చిన సముద్రపు నీరు చాలాచోట్ల వెనక్కి పోనేలేదు. తర్వాత ఆమె మా వీధిలో అన్నిటికంటే పైనున్న ఇల్లు వెతుక్కుని వచ్చింది. చెప్పులు వాకిలి వైపు తిప్పి పెట్టుకుని పడుకోవడం అప్పటినుంచే.

సునామీ నాటికి మా అమ్మాయి చంకపిల్ల. దానికి పదో ఏడు వచ్చాక, కింద సముద్రం రోడ్డు పక్కన ట్యూషన్‌కి వెళ్ళి రావడానికి సైకిల్ కొనాలనుకున్నాం. దారంతా ఎత్తుపల్లాలు, గేర్లు లేకపోతే పిల్లలు తొక్కలేరు. మా ఆయన సెలవు పెట్టి చెన్నై వెళ్తున్నారు, వచ్చేటప్పుడు ఓడలో తెస్తానన్నారు.

ఈ దీవుల్లో మన అందరికీ ఒక అలవాటు ఉంది. ఓడలో తెప్పించుకునేది ఏదైనా ఒక సైజు పెద్దదే తెప్పిస్తాం. బూట్లు, యూనిఫాం, వానకోటు అన్నీ అంతే. మళ్ళీ ఎవరు వెళ్తారో, టికెట్ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు మరి. మన పిల్లలు బూట్ల ముందు దూది కుక్కుకుంటూ పెద్దవాళ్ళవుతారు. సైకిల్ కూడా పెద్దవాళ్ళ సైజే తీసుకోవాలని నేనూ మా ఆయనా మాట్లాడుకున్నాం. అమ్మాయి ముందూ వెనకా స్ప్రింగులు, లావాటి టైర్లు ఉన్న ఎర్ర సైకిల్ బొమ్మ ఒకటి కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది.

దీదీ ఆ బొమ్మ చూసి, "దీన్ని ఎత్తడానికి ఇద్దరు కూలీలు కావాలి. వాళ్ళని కూడా చెన్నై నుంచే తెస్తారా భయ్యా?" అంది.

"ఎదిగే పిల్ల కదా దీదీ, నాలుగేళ్ళు పనికిరావాలని," అన్నారు మా ఆయన.

"ఎదిగేలోపు ఏం తొక్కుతాది? ఈ రోజు కాళ్ళకి ఈ రోజు సైకిల్. సీటు పైకి జరుపుకోడానికి జానెడు జాగా ఉంటే చాలు."

అమ్మాయిని తన వసారా గోడకి ఆనించి నిలబెట్టింది. రెండు కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకాన్ని పైకి నొక్కి పట్టించి, దాని పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత గీసింది. సైకిల్ పై కడ్డీ ఆ గీతకి నాలుగు వేళ్ళు కిందే ఉండాలి, ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలి అంది. అంతవరకూ నాకు అర్థమైంది. తర్వాత మా బియ్యం డబ్బా తెమ్మంది.

సంచిలో బియ్యం పోసి పిల్ల భుజానికెత్తి, మా గుమ్మం దగ్గర్నుంచి మెట్లెక్కమంది. సగం దూరంలో అది కూలబడింది. "రెండు తవ్వలు తీసీ. మళ్ళీ కిందనుంచి రా." ఈసారి పైదాకా వచ్చింది గానీ రొప్పుతోంది. "ఇంకో తవ్వ తీసీ. కబుర్లు చెప్తూ రావాలి." అలా తీయించి తీయించి, అమ్మాయి తన స్నేహితురాలి మీద చాడీలు చెప్తూ పైకి చేరేదాకా ఊరుకోలేదు. మిగిలిన బియ్యం నేను తూచాను. పది కిలోలకి కాస్త తక్కువ. సైకిల్ బరువు అంతే ఉండాలంది. ఆ బియ్యం వండుకున్నన్నాళ్ళూ మా ఆయన కంచం ముందు కూర్చుని, "ఇవాళ చక్రమా, హేండిలా?" అని అడిగేవారు.

సామాను తూచుకునే కొక్కెం కాటా ఒకటి ఆయన పెట్టెలో పెట్టి పంపాను. చెన్నై దుకాణంలోంచి ఫోన్ చేశారు. "దుకాణాయన నవ్వుతున్నాడు. ఇది సైకిలా చేపా సార్ అంటున్నాడు."

దీదీ ఫోన్ అందుకుంది. "నవ్వనీండి భయ్యా. మీరు తూచండి."

ఫ్రిజ్ మీది ఎర్ర సైకిల్ మా బియ్యానికి రెట్టింపుకి దగ్గరగా తూగింది. స్ప్రింగులన్నీ బరువే. అల్యూమినియం ఫ్రేము, ముందు మామూలు ఫోర్కు, వెనక మాత్రమే గేర్లు ఉన్నది ఒకటి దొరికింది. సైజు గీతకి సరిపోయింది, బరువు కాస్త ఎక్కువైంది. "స్టాండు, క్యారియర్, మడ్‌గార్డులు విప్పించీండి," అంది దీదీ. విప్పించాక కాటా ముల్లు బియ్యం దగ్గరికి వచ్చింది. బ్రేకు చిన్నపిల్లల వేళ్ళకి అందేలా బిగించమని కూడా చెప్పింది. అన్నీ బాగానే కుదిరాయి, రంగు తప్ప. అది బూడిద రంగు. ఓడ దిగి గోనెపట్టా విప్పిన రోజు మా అమ్మాయి అన్నం తినలేదు.

ఆ మర్నాటి నుంచి దీదీ దానికి డ్రిల్లు మొదలుపెట్టింది. జాకెట్లో దాచుకునే ఈల తీసి ఊదితే సైకిల్ భుజానికెత్తి మెట్లెక్కాలి. వారానికి ఆ పని వచ్చేసింది. తర్వాత ఒక సాయంత్రం సగం మెట్లమీద ఉండగా ఈల ఊది, "వదిలీ," అంది.

అమ్మాయి జాగ్రత్తగా గోడకి ఆనించింది.

"ఆనించడం కాదు. కింద పడీ."

"దీదీ, నయా సైకిల్ హై," అంది అమ్మాయి ఏడుపు గొంతుతో.

"తెలుసు బేటీ. ఎత్తడం వచ్చింది, ఇప్పుడు వదలడం రావాలి. పడీసి, వెనక్కి చూడకుండా పైకి రా."

సముద్రం దాటించి, ఒక్క గాటైనా పడకుండా తెచ్చుకున్న సైకిల్. మా ఆయన ఇంట్లోకి వెళ్ళి టీవీ గట్టిగా పెట్టుకున్నారు. నేను గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింటూనే ఉన్నాను. ఫ్రేము మీద రంగు లేచిపోయింది. అమ్మాయి మాత్రం క్రమంగా వెనక్కి చూడడం మానేసింది.

కొన్ని నెల్ల తర్వాత ఒక మధ్యాహ్నం భూమి చాలాసేపు ఊగింది. అల రావచ్చని హెచ్చరిక వచ్చింది. అమ్మాయి కింద ట్యూషన్లో ఉంది. ఫోన్లు కలవడం లేదు. కింది రోడ్డు నుంచి హారన్లు, జనం అరుపులు వినిపిస్తున్నాయి. పైన దీదీ వాకిట్లోంచి నేను మెట్లు దిగబోతే ఆమె జబ్బ పట్టుకుంది.

"నువ్వు దిగితే, అది ఎక్కి వచ్చి నిన్ను వెతకడానికి మళ్ళీ దిగుతాది. ఇక్కడే ఉండు."

నా జబ్బ వదలకుండా రెండో చేత్తో ఈల ఊదుతూ నిలబడింది. ఊదడం, ఆగడం, మళ్ళీ ఊదడం. నేను మెట్ల మలుపు వైపే చూస్తున్నాను. ఎవరెవరో ఎక్కి వస్తున్నారు. మూటలతో, టీవీలతో, ఒకాయన మిక్సీతో.

మా అమ్మాయి ఒట్టి చేతులతో వచ్చింది.

"మార్కెట్ మలుపు దాకా తొక్కాను. తర్వాత భుజాన వేసుకున్నాను. జనం తోసుకుంటున్నారు దీదీ, కదలడానికి లేదు. పడేశాను," అంది.

"వెనక్కి చూసినావా?"

"లేదు."

దీదీ అప్పుడు నా జబ్బ వదిలింది. ఆమె వేళ్ళ అచ్చులు రెండు రోజులున్నాయి. "దానికి మంచినీళ్ళియ్యి," అని లోపలికెళ్ళి కాసేపు బయటికి రాలేదు.

ఆ రోజు అల రాలేదు. మర్నాడు మా ఆయన వెళ్తే సైకిల్ ఎవరో రోడ్డు వారగా గోడకి నిలబెట్టి ఉంచారు. బ్రేకు లీవరు ఒకటి వంగింది, అంతే. అల రాలేదు కదా, అంత కంగారు ఎందుకు అన్నవాళ్ళు తర్వాత వీధిలో ఉన్నారు. నా మటుకు నాకు అల వచ్చినట్టే, పిల్ల ఇల్లు చేరినట్టే. ఆ మాట దీదీతో ఒకసారి అన్నాను. "సైకిల్ మంచిది చెల్లీ, తేలిక," అంది ఆమె. అంతకంటే మాట్లాడనివ్వలేదు.

అమ్మాయి సీటు జానెడూ పైకి జరిపాక ఆ సైకిల్ దీదీ వసారాకి చేరింది. అక్కడినుంచి వీధిలో గీతకి సరిపోయిన పిల్లకల్లా వెళ్తూ వచ్చింది. ఆ గోడ మీద ఇప్పుడు చాలా గీతలున్నాయి. ప్రతి పిల్లకీ బియ్యం మోత, ఈల, పడెయ్యడం తప్పలేదు. టైర్లు మారాయి, గొలుసు మారింది. బూడిద రంగు చాలావరకు పోయి లోపలి తెల్లటి లోహం బయటపడింది.

ఆ పొద్దున కబురు తెలిసి ఒక్కొక్కరే వచ్చారు. ఇప్పుడు ఆ సైకిల్ తొక్కుతున్న పిల్ల మా వెనకింటి వాళ్ళది, తొమ్మిదేళ్ళుంటాయి. కింది రోడ్డు మీద విని, సైకిల్ భుజాన వేసుకుని మెట్లు సగం ఎక్కి, అక్కడే పడేసి పరిగెత్తుకొచ్చింది. ఆ చప్పుడు లోపలున్న మా అందరికీ వినిపించింది.

కాసేపటికి మగవాళ్ళు దీదీని ఎత్తుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు. దారి ఇరుకు. సగంలో సైకిల్ అడ్డంగా పడి ఉంది. ముందున్నవాళ్ళు ఆగారు. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల వాళ్ళ పక్కనుంచి దూరి కిందికి దిగి, ఒక్క చేత్తో సైకిల్ ఎత్తి గోడవారగా జరిగి, వాళ్ళంతా దాటేదాకా దాన్ని అలాగే పట్టుకుని నిలబడింది.