సముద్రం ఎదురుగా అరగంట

మా మామా నోట సెలవు అనే మాట వినిపిస్తే చాలు, నాకు నడుం నొప్పి మొదలవుతుంది. మామా అంటే ఈ అరబ్బు దేశంలో, సల్వా అనే పేటలో నేను పనిచేసే ఇంటావిడ. ఆ ఇంట్లో వంటా పనీ నావి, నా భర్త అదే ఇంటికి డ్రైవర్. ఆరేళ్లుగా ఒకే గేటు లోపల ఉంటున్నాం గానీ ఇద్దరం కలిసి ఒకచోట కూర్చున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయన గది గేటు పక్కన, నాది మేడ మీద. అన్నం పళ్లెం వంటింటి కిటికీలోంచి అందిస్తాను, అందుకుని వెళ్లిపోతాడు. మా కాపురం అదీ.

ఆ ఏడు బక్రీద్‌కి నాలుగు రోజులు షాలేకి పోదామంది మామా. షాలే అంటే సముద్రం ఒడ్డున ఇక్కడివాళ్లు సెలవులకు వెళ్లి ఉండే ఇల్లు. అంతకుముందు ఇంకో పనిమనిషిని తీసుకెళ్లేవాళ్లు, ఆమె ఊరికి పోవడంతో వంతు నాకొచ్చింది. "నువ్వూ రా, నీ మొగుడూ వస్తాడు. సముద్రం చూడండి, హాయిగా ఉండండి" అని అరబ్బీలో నవ్వుతూ చెప్పింది. పిచ్చిదాన్ని, నమ్మేశాను. వాళ్ల సెలవులో మాక్కూడా కాస్త సెలవు దొరుకుతుందనుకున్నాను.

నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఆ వారమే రాయచోటిలో మా పాపకు బడి తెరిచారు. మా అక్క దగ్గరుండి ఆరో తరగతి చదువుతోంది. ఫోన్లో అడిగింది: "అమ్మా, సెలవుల్లో మీ అమ్మానాయనతో యాడికి పోయినారో రాసి, ఫొటో అంటించుకొని రమ్మనింది టీచరు. అందరూ తిరపతి, ఊటీ అని రాస్తాండారు. నేనేం రాయల్ల?"

ఆ గొంతులో ఏడుపు లేదు. ఏడ్చినా నాకింత బాధ ఉండేది కాదు.

"మేం సముద్రానికి పోతాండాం లే పాపా. ఆడ ఇద్దరం కూచోని నీకు వీడియో చేస్తాం. నువ్వు ఫొటో తీసుకో, ముగ్గురం ఒకే ఫొటోలో పడతాం" అనేశాను.

"సోమవారం ఇయ్యల్లమ్మా. మర్చిపోవద్దు."

ముగ్గురం ఉన్న ఫొటో మా ఇంట్లో ఒక్కటే ఉంది. అందులో పాపకు ఇంకా పళ్లు కూడా రాలేదు. కొత్త ఫొటో కోసం నా ఎర్రచీర మడిచి సంచిలో అడుగున పెట్టుకున్నాను.

శుక్రవారం బయల్దేరాం. ఇల్లంతా పీకి రెండు బండ్లలో ఎక్కించినట్టే. అన్నం వండే పెద్ద గిన్నెలు, కాఫీ ఫ్లాస్కులు, మాంసం పెట్టెలు, తివాచీలు, పిల్లల సైకిళ్లు. దారిలో ఎగైలా అనే ఊరు దాటాక సాంబ్రాణి వేసే పాత్ర మర్చిపోయామని మామాకు గుర్తొచ్చింది. మమ్మల్ని దించగానే మా ఆయన్ని వెనక్కి పంపింది. ఆ నాలుగు రోజుల్లో ఆయన సల్వాకు ఐదుసార్లు తిరిగాడు, ఒకసారి మాత్రల కోసం, ఒకసారి పిల్లాడి చార్జర్ కోసం. మధ్యలో చుట్టాల్ని తీసుకురావడం, దిగబెట్టడం సరేసరి.

మామా అక్కచెల్లెళ్లు పిల్లలతో సహా దిగారు. ఇరవైమంది. ఒకళ్లు లేచేసరికి ఇంకొకళ్లు తిని పడుకుంటారు. టీ పెట్టు, పళ్లు కోయి, ఇసుక ఊడ్చు. అదేం ఇసుకో, పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ పరుపుల్లో ఉండేది. సముద్రం నాకు వంటింటి కిటికీలోంచి జానెడు కనిపించేది, అంతే.

రోజూ పాప ఫోన్. "అమ్మా, సముద్రం?"

"రేపు పాపా."

మూడో రోజు పాపే అంది: "పోనీలే మా. పెద్దమ్మోళ్లతో ఫొటో తీసుకుంటాలే."

నేను సామాన్ల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. ముఖం కడుక్కుని నేరుగా మామా దగ్గరికే పోయాను. "మామా, నాకూ ఆయనకూ ఒక గంట కావాలి, నా బిడ్డ కోసం" అన్నాను. ఆమె ఆశ్చర్యపోయింది. "ముందే అడగొచ్చు కదా? ఎప్పుడన్నా కాదన్నానా? తెల్లవారి నమాజు అయ్యాక మేమంతా పడుకుంటాం, అప్పుడు పొండి." నిజమే, కాదనలేదు. అడగాలని నాకే తోచలేదు. మూడు రోజులు ఊరికే మండిపడ్డాను.

సోమవారం తెల్లారింది. చీర కట్టుకునే టైమెక్కడిది! పనికి వేసుకునే గౌనుతోనే పోయాను. మా ఆయన అప్పుడే చుట్టాల్ని దిగబెట్టి వచ్చాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఇసుకలో ఒక పెట్టెకు ఆనుకుని కూలబడ్డాడు. నేను ఫోన్ కలిపాను.

అక్కడ పాప బడికి తయారై ఉంది. రెండు జడలు, రిబ్బన్లు, ముందర బొరుగుల ఉగ్గాని పళ్లెం. "అమ్మా! యాడుండావ్? సముద్రం చూపీ!"

ఒక చేత్తో సముద్రం చూపించాను. రెండో చెయ్యి, నాకు తెలియకుండానే, రాత్రి పిల్లలు పారేసిన కప్పులు ఏరుతోంది.

"అమ్మా, ఏం చేస్తాండావ్?"

"ఏం లేదు పాపా. చూడు, ఎంత పెద్దదో!"

"సముద్రం చాల్లే మా. నువ్వు కూచో."

కూర్చున్నాను.

"ఆ కప్పులు కింద పెట్టు."

పెట్టాను. ఫోన్ దూరంగా పట్టుకుని, "ఏమయ్యో, పాప! ఇట్ల చూడు" అన్నాను. పలకలేదు. నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత తంటాలు పడి సాధించిన గంటలో ఈయన నిద్రా! భుజం పట్టి కుదపబోయాను.

"లేపొద్దు మా!" పాప గట్టిగా అరిచింది. "అట్లే ఉండనీ. తీసేసినా."

ఫొటో అయిపోయింది కదా, ఫోన్ పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. ఫోన్‌ను చెంబుకు ఆనించి, మమ్మల్నే చూస్తూ ఉగ్గాని తినసాగింది. నేనూ దాన్నే చూస్తూ ఉండిపోయాను. ఆయన గురక వింటూ మధ్యలో ఒకసారి ఇద్దరం నవ్వుకున్నాం. ఆటో హారన్ వినిపించేదాకా అంతే.

ఆ సాయంత్రం సల్వాకు తిరిగొచ్చాక, షాలే గిన్నెలన్నీ మళ్లీ కడుగుతుంటే మా అక్క పాప నోట్‌బుక్కు ఫొటో పంపింది. జిరాక్స్ అంగడిలో తీయించిన మా బొమ్మ మసగ్గా ఉంది. దాని కింద పాప గుండ్రటి అక్షరాలు.

"సెలవుల్లో అమ్మ, నాన్న, నేను సముద్రం దగ్గర కలుసుకున్నాము. మా నాన్న బాగా నిద్రపోయాడు. మా అమ్మ అరగంట కూర్చుంది. నేను చూశాను."

తడి చేతులు గౌనుకు తుడుచుకుని మళ్లీ చదివాను. సింకు ముందు నిలబడే చదివాను.