మా మల్లిని కట్టెయ్యం, షంషాదక్కా

నిన్న పొద్దున మంచు బాగా దిగింది. కంది కట్టె ఇంకా తడిగానే ఉంది. ఎండ వచ్చాక కోద్దామని గట్టు మీద కూర్చున్నాం.

అప్పుడు మార్కాపురం నుంచి ఫోన్.

షంషాదక్క లేదు అన్నారు.

ఏ షంషాదు అని అడిగాను. నాకు తెలిసిన షంషాదు ఒక్కతే. అయినా అడిగాను.

మొన్ననే వీడియో కాల్‌లో మా మల్లికి చెయ్యి ఊపింది. నిన్న తెల్లవారుజామున నమాజ్ చేసుకుని గోడకు ఆనుకున్న మనిషి అట్లాగే ఒరిగిపోయిందట. గుండె.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. షంషాదక్క మార్కాపురంలో పిల్లలకు బిహేవియర్ థెరపీ చేసేది. కొరికే పిల్లలు, తల బాదుకునే పిల్లలు, స్కూలు వద్దని పంపించేసిన పిల్లలు ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు.

నా కూతురు మల్లి అట్లాంటి పిల్ల. మాటలు రావు.

మాది అర్ధవీడు దగ్గర పల్లె. గొర్రెల ఇల్లు. పగలు తల్లిగొర్రెలు మేతకు పోతాయి, గొర్రెపిల్లలు దొడ్లో ఉంటాయి. పొద్దు గూకే వేళకు మంద ఇల్లు చేరుతుంది. పిల్లల్ని వదులుతాం. తల్లులూ పిల్లలూ ఒకదాన్నొకటి వెతుక్కుంటూ అన్నీ ఒకేసారి అరుస్తాయి.

సరిగ్గా ఆ వేళకే మల్లి చెయ్యి కొరుక్కునేది. తల గోడకు కొట్టుకునేది. పట్టుకోబోతే కరిచేది.

సందెగాలి సోకిందన్నారు. వేపమండలతో దిగదుడిచారు. వాత పెట్టారు. చివరికి తాడుతో మంచం కోడుకు కట్టేవాళ్ళం.

షంషాదక్క మా ఇంటికి వచ్చి మొదట అన్నమాట, "తాడు విప్పు."

"కరుస్తాది అక్కా."

"కరిస్తే నన్ను గదా కరిసేది. విప్పు రమణమ్మా."

కరిచింది కూడా. అక్క అరవలేదు, తిట్టలేదు. కొంచెం దూరం జరిగి కూర్చుంది. మరునాడు కూడా వచ్చి అట్లాగే కూర్చుంది. మంద వచ్చింది. అరుపులు మొదలయ్యాయి. అక్క తన రెండు చెవులూ మూసుకుంది.

"అరె, ఏందమ్మా ఈ గోల! మీకు చెవులు నొయ్యవా?"

మాకు నొప్పి ఏమిటి? ఆ అరుపు వింటేనే మాకు కడుపు నిండుతుంది. మంద క్షేమంగా వచ్చిందని, పిల్లలు పాలు తాగుతున్నాయని దాని అర్థం. అది ఒక బిడ్డకు నొప్పి అవుతుందని గొర్రెల ఇంట్లో ఎవరికి తడుతుంది?

మా మామ నవ్వాడు. "అయితే గొర్రెలకు నోళ్ళు కుట్టమంటావా ఏంది?"

"గొర్రెలకు వద్దులే పెద్దాయనా. 'అదిగో గాలొచ్చె, పట్టుకోండి' అని అరుస్తారే, ముందు మీ నోళ్ళు కుట్టుకోండి."

మల్లికి మొదట నేర్పింది ఒకటే. వద్దు అనిపిస్తే అమ్మ మోచెయ్యి తట్టాలి. తట్టగానే నేను ఏ పనిలో ఉన్నా లేచి, దాన్ని గడ్డివామి వెనక్కి తీసుకుపోవాలి. ఆలోచించకూడదు, ఆగమనకూడదు.

"అడిగినప్పుడల్లా తీసుకపోతే మొండిదైతాది గదా అక్కా?"

"ఇన్నాళ్ళు ఎవరూ ఇనలేదనే గదా కరిసింది. ముందు ఇనండి."

ఆమె పాటించిన పద్ధతి కూడా అదే. అంత దూరం బస్సెక్కి వచ్చిన రోజున మల్లి వద్దంటే, పని ఆపేసి, చాయ్ తాగి, వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయేది. ఊళ్ళో వాళ్ళు నవ్వారు. ఇదేం వైద్యం అన్నారు.

మల్లికి మాటలు రాలేదు. ఇప్పటికీ ఒక్కోరోజు కరుస్తుంది. కానీ తాడు మళ్ళీ కట్టలేదు. వైద్యం అంటే ఇదే. నవ్వేవాళ్ళు నవ్వుకోండి.

నిన్న మల్లిని వెంట తీసుకుని మార్కాపురం వెళ్ళాను. వాకిలి దాకా వెళ్ళాం. లోపల ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మల్లి నా మోచెయ్యి తట్టింది.

ఒకామె అంది, "నేను పట్టుకుంటా. నువ్వు బోయి మొగం చూసి రా."

పట్టుకుంటే మల్లి పెనుగులాడుతుంది. నలుగురూ నొక్కి పెడతారు. అదీ అక్క వాకిట్లో.

వద్దన్నాను. వెనక్కి తిరిగాను. కడసారి చూపు లేకుండానే వచ్చేశాను.

బయట ఎవరో అన్నారు, పిల్లలే కరిచి కరిచి ఆయమ్మను తినేశారని. ఆ మాట ఇంకెవరూ అనకండి. మా పిల్లలు ఎవరినీ తినలేదు.

నా భర్తకు చిన్నాయన, నాకు చిన్నమామ, కబురు తెలిసి త్రిపురాంతకం నుంచి అక్కడికి వచ్చాడు. ఇదంతా చూశాడు. రాత్రికి మా ఇంటికి వచ్చి పడుకున్నాడు. ఈరోజు పొద్దున మొదలుపెట్టాడు.

"ఆయమ్మ పాయె. ఇంక పిల్లనెవురు జూస్తారు? నాకు తెలిసిన చోటుంది. ఆడ గొలుసేసి దారికి తెస్తారు. బట్టలు సర్దు, నాతో పంపు."

"పంపను మామా."

"సచ్చిన మనిషి మొగం గూడ చూడనియ్యలేదు నిన్ను. ఇదేనా ఆయమ్మ నేర్పింది?"

"ఇదే మామా."

నా భర్త ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. లోపలికి వెళ్ళి, చిన్నాయన చేతిసంచి తెచ్చి అరుగు మీద పెట్టాడు.

ఇట్లాంటి పిల్లలున్న తల్లులకు చెబుతున్నాను. అక్క లేదని మళ్ళీ తాళ్ళు వెతకకండి. మా ఇంటికి రండి. నాకు తెలిసింది కొంచెమే. ఆ కొంచెం చూపిస్తాను.

పోయిరా షంషాదక్కా. నీ మీది మట్టి చల్లగా ఉండాలి. నీ నిద్ర ఎవరూ చెడగొట్టకుండా ఉండాలి.

చిన్నమామ పదిన్నర బస్సుకు వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళాడు.