నర్సాపూర్ అవ్వ చూడని ఓడ

నా చిన్నప్పుడు మెదక్‌లో మా గల్లీ మొత్తానికి సముద్రం చూసిన మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన మా పక్కింటి చాచా. ఇరవై ఏళ్లు బొంబాయి నుంచి తిరిగే ఒక సరుకు ఓడలో వడ్రంగిగా పనిచేసి, ఒక చెవి సరిగా వినపడకుండా పోయాక, ఖిల్లా కింద ఉన్న తన తండ్రి ఇంటికి వచ్చేశాడు. పొద్దున పూట ఊళ్లోవాళ్లకు దర్వాజలు, కిటికీలు చేసిచ్చేవాడు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ముందు అర్రలో చాప పరుచుకుని తన కోసం చిన్న చిన్న ఓడలు చేసుకునేవాడు.

చిన్నవంటే పిల్లలు ఆడుకునేవి కావు. నిజం ఓడలో పది అడుగులున్నది ఆయన చేతిలో ఒక అంగుళం అయ్యేది. ఆ కొలత తప్పితే ఎంత ముద్దొచ్చే ముక్కనైనా పొయ్యిలోకి పంపేవాడు. దర్వాజలు చేయగా మిగిలిన టేకు చెక్కను కాగితమంత పల్చగా చిత్రిక పట్టి, ఆవిరికి వంచి, పక్కపక్కన జిగురుతో అతికించేవాడు. నిచ్చెన మెట్లు అగ్గిపుల్లలో సగం లావు కూడా ఉండేవి కావు. మూడు నాలుగు ఓడలు అయ్యాయి. చూసినవాళ్లు అడిగితే ఇచ్చేసేవాడు.

నాకప్పుడు పదేళ్లు. నా వేళ్లు సన్నగా ఉన్నాయని, ఓడ తాళ్లకు బదులు కట్టే దారాల పని నాకు అప్పగించాడు. దారానికి మైనం రాసి, నూగు లేకుండా నున్నగా చేసి, సూది మొనతో పొడిచిన రంధ్రాల్లోంచి లాగి ముడి వేయాలి. బడి వదలగానే పుస్తకాల సంచి ఇంట్లో పడేసి వాళ్లింటికి పరుగెత్తేదాన్ని. చాచీ నాకొక గ్లాసు చాయ్, రెండు బిస్కెట్లు పక్కన పెట్టి తన పని చూసుకునేది. వాళ్లకు పిల్లలు లేరు. ఆ ఇంట్లో నేనెంత ముఖ్యమైనదాన్నో నాకు బాగా తెలుసు. ఆ తెలియడమే నా కొంప ముంచింది.

ఆ ఏడాది చేస్తున్న ఓడ మిగిలినవాటిలాంటిది కాదు. అది చాచా పనిచేసిన ఓడే. అందులో ఆయనతో పాటు మా జిల్లా నర్సాపూర్ మనిషి ఒకడు వంటపని చేసేవాడట. ఇద్దరూ ఒక్క ప్రాంతం వాళ్లు కాబట్టి అన్నదమ్ముల్లా ఉండేవారట. ఒకసారి నడిసముద్రంలో ఆ మనిషికి జ్వరం తగిలి, ఒడ్డు చేరకముందే ప్రాణం పోయింది. శవాన్ని అక్కడే నీళ్లలో వదిలారు. నర్సాపూర్‌లో ఉన్న అతని తల్లికి ఒక కాగితం, అతని పెట్టె మాత్రం అందాయి. చాచా తిరిగి వచ్చాక ఆమెను చూడడానికి పోతే ఆ ముసలవ్వ అడిగిన మాట ఒక్కటే. "నా కొడుకు ఉన్న జాగ ఎట్లుంటదో నేను చూడలేదు బిడ్డా. సముద్రమే చూడలేదు, ఇగ ఓడ ఎక్కడ చూద్దు." చాచా ఆమెకు మాట ఇచ్చి వచ్చాడు. రెండేళ్లు పట్టింది. వంటగది, కొడుకు పడుకున్న గది, దానికి గుండ్రటి కిటికీ, అన్నీ కొలతకు సరిగ్గా వచ్చాయి. వచ్చే శుక్రవారం రమ్మని ఉత్తరం కూడా రాశాడు.

ఆ వారమే, ఆదివారం నాడు, మా బడి పిల్లలు ముగ్గురు ఓడ చూస్తామని వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి చాలాసేపు చూసి, ఇది నీళ్లలో తేలుతుందా అని అడిగింది. తేలుతుందన్నాను. చూపించు, తేలకపోతే ఇది ఓడ ఎట్లవుతుంది, ఒట్టి బొమ్మే కదా అన్నది. చాచా రామాయంపేటలో దర్వాజ బిగించడానికి పోయాడు. చాచీ రెండిళ్ల అవతల బియ్యం చెరగడానికి పోయి ఉంది. నేను ఓడను రెండు చేతుల మీద పెట్టుకుని మా పెరట్లోకి తెచ్చి, బట్టలుతికే నీళ్ల హౌజులో వదిలాను.

అది తేలింది. ఒక నిమిషం చక్కగా నిలబడింది. నా గుండె ఎంత ఉబ్బిందో ఇప్పటికీ గుర్తుంది. తర్వాత మెల్లగా ఒక పక్కకు ఒరిగింది. చూడడానికి చేసిన ఓడ అది. అడుగున బరువు లేదు. పైన తెరిచి ఉన్న సరుకు అరల్లోంచి నీళ్లు లోపలికి పోయాయి. నేను కంగారులో చేతికందిన దారాలు పట్టి గుంజాను. ఆ దారాలు కట్టిన ఓడ స్తంభం విరిగి చేతిలోకి వచ్చింది, ఓడ మునిగింది. హౌజులోకి దిగి పైకి తీసేసరికి పొట్ట చెక్కలు రెండు చోట్ల విడిపోయి ఉన్నాయి. పిల్లలు ముగ్గురూ ఎప్పుడు పోయారో చూడలేదు. లంగాతో తుడిచి, తీసిన చోటనే పెట్టి, ఇంటికి వచ్చి తడి బట్టలతోనే మూలన కూర్చున్నాను.

సాయంత్రం గోడ అవతల నుంచి చాచా గొంతు వినిపించింది. ఇదేమైందని అడుగుతున్నాడు.  అప్పుడు చాచీ అన్నది, "నేనే ఊడ్సుకుంట జరిపిన. చెయ్యి జారి కింద పడ్డది." 

చాచీకి ఎట్లా తెలిసిందో నాకు మర్నాడు అర్థమైంది. వాళ్ల అర్రలో నుంచి మా పెరడు దాకా నీళ్ల చుక్కలు, నా కాళ్ల గుర్తులు పడి ఉండి ఉంటాయి. ఆమె వాటిని తుడిచేసి ఉంటుంది. నన్ను చూసి ఎప్పటిలాగే చాయ్ పెట్టింది. నేను తాగాను. అది తలుచుకుంటే ఇప్పుడు కూడా నాకు మొహం చెల్లదు. చాచా ఓడ మీద పాత దుప్పటి కప్పి, దాని వైపు పోవడం మానేశాడు. చాచీతో కూడా మాట్లాడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, లేచి పోయేవాడు. నాతో మాత్రం మామూలుగానే ఉన్నాడు. ఈ రోజు దారాల పని లేదు బేటీ అనేవాడు, అంతే.

శుక్రవారం నర్సాపూర్ అవ్వ వచ్చింది. బస్టాండు నుంచి నడిచి వచ్చినట్టుంది, కాళ్లకు దుమ్ము. కొంగులో సీతాఫలాలు మూట కట్టుకుని తెచ్చింది. చాచా ఆమెకు పీట వేసి, తలవంచుకుని చెప్పాడు. "ఇంక కాలేదవ్వా. జర పని ఉన్నది. రెండు నెలలల్ల నేనే తెస్త మీ ఇంటికి. మళ్ల ఇంత దూరం రాకుండ్రి."

ఆమె దుప్పటి కప్పిన ఓడ వైపు చూసింది. అడగలేదు. "సరే బిడ్డా. కని జల్ది చెయ్యి. కండ్లు మసకలొస్తున్నయి. దవాఖానల చూపిస్తే ఇగ మంచిగ కావన్నరు, ఉన్నన్ని దినాలు ఉంటయన్నరు," అని, గుమ్మంలో నిలబడ్డ నన్ను దగ్గరికి పిలిచింది. దారాలు కట్టే పిల్లవు నువ్వేనా అని నా వేళ్లు పట్టుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. పెద్ద సీతాఫలం ఏరి నా చేతిలో పెట్టింది. అప్పుడు చెప్పవలసింది. నోటి దాకా వచ్చింది కూడా. చాచీ వంటింటి గడపలోంచి నన్నే చూస్తున్నది. నేను పండు తీసుకుని ఇంటికి పోయాను. తినలేక గోడ మీద పెడితే కోతులు ఎత్తుకుపోయాయి.

ఇంకో వారం గడిచింది. ఒక సాయంత్రం వాళ్లింటికి పోతే చాచీ ఒక్కతే ఓడ ముందు కూర్చుని ఉంది. దుప్పటి తీసి, చిక్కుపడ్డ దారాలను విడదీస్తున్నది. పనిచేసి మొద్దుబారిన వేళ్లు ఆమెవి. దారం పట్టుబడడం లేదు. చాచా అదే అర్రలో గోడ వైపు తిరిగి ఉలి నూరుకుంటున్నాడు.  ఆమె తాను చేయని తప్పును సరిచేయడానికి కూర్చుంది. అది చూసి నేను ఇంక నిలబడలేకపోయాను.

"చాచా, ఓడ నేనే నీళ్లల్ల ఇడ్సిన. చాచీ కాదు," అన్నాను. ఏడుపు అప్పుడు రాలేదు. వినపడలేదేమోనని మళ్లీ గట్టిగా చెప్పాను.

చాచా ఉలి కింద పెట్టి నా వైపు తిరిగాడు. "నాకెరుకే బేటీ. కింద పడ్డ చెక్క పలుగుతది, గిట్ల ఉబ్బది." అన్నాడు. మరి నన్ను ఎందుకు అడగలేదంటే, "అడిగితే చెప్తువు. కని నీ అంతల నువ్వు చెప్తవని చూసిన," అన్నాడు. చాచీ దారాలు వదిలేసి లేచింది. పదేళ్ల పిల్ల ఎట్లా చెబుతుంది, మీరు పన్నెండు రోజుల నుంచి పిల్లకు పరీక్ష పెట్టి నన్ను శిక్షిస్తున్నారా అని ఆయన్ని నిలదీసింది. ఆయన వచ్చి ఓడ పక్కన కూర్చున్నాడు. అప్పుడు అన్నాడు, "తప్పు ఈ పిల్ల ఒక్కదానిదే కాదు. నువ్వు పడేసిన అన్నవు. నేను అవ్వకు ఇంక కాలేదన్న. ఒక్క ఓడకు ఈ ఇంట్ల ముగ్గురం అబద్ధం ఆడినం."

ఆయన నన్ను తిట్టలేదు. ఉప్పుకాగితం ముక్క నా చేతిలో పెట్టి, విడిపోయిన చెక్కల మీది పాత జిగురు గీకమన్నాడు. ఆ రోజు నుంచి బడి వదిలాక, ఆదివారాలు పూర్తిగా, అదే పని. ఉబ్బిన చెక్కలను నీడలో ఆరబెట్టి బరువు పెట్టాము. వంకర తిరిగినవి తీసేసి కొత్తవి కోసాము. నేను చేసిన ముడులన్నీ నేనే విప్పి మళ్లీ వేశాను. చెడగొట్టడానికి పట్టింది ఒక నిమిషం. బాగుచేయడానికి రెండు నెలలు దాటింది. ఒక్కో ముడి వేసేటప్పుడు, అవ్వ దగ్గర ఈ మాట ఎవరు చెబుతారోనని నాకు లోపల ఒకటే గుబులు. నేనే చెప్పాలని నాకు తెలుసు. చాచా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఒక ఆదివారం పొద్దున ఓడను చాచీ పాత చాదర్‌లో చుట్టి, చాచా, నేను నర్సాపూర్ బస్సెక్కాము. దారంతా అది మా ఇద్దరి ఒళ్లోనే ఉంది. వాళ్లింటి అరుగు మీద అవ్వ కూర్చుని ఉంది. మేము ఎదురుగా నిలబడితే ఎవరు అని అడిగింది. చాచా పలకగానే గొంతు గుర్తుపట్టి, చేతులు చాపి, మా ఇద్దరి మధ్య ఖాళీలోకి చూసి నవ్వింది.

ఆమె మనవరాలు లోపలి నుంచి వచ్చి మెల్లగా చెప్పింది. "పది దినాలైంది. ఇగ అసలుకే కనవడ్తలేదు."

చాచా నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు. కానీ లెక్క మా ఇద్దరికీ తెలుసు. నేను నోరు తెరవని రోజులు పన్నెండు. ఆయన ఓడను దుప్పటి కింద ఉంచిన రోజులు కూడా అవే పన్నెండు. ఆ పన్నెండు పోకుండా ఉంటే, ఆమె చూపు పోయే ముందే వచ్చేవాళ్లం.

ఓడను అవ్వ ఒళ్లో పెట్టాము. నేను ఆమె పక్కన కూర్చుని, ముందు ఆ సంగతే చెప్పాను. నేను నీళ్లలో వదిలానని, మునిగిందని, మీరు వచ్చిన రోజు దుప్పటి కింద విరిగిన ఓడ ఉందని, అప్పుడు కూడా నేను చెప్పలేదని. ఆమె వింటూనే ఉంది. ఏం కాదులే బిడ్డా అంటుందని ఎక్కడో ఆశ పడ్డాను. ఆమె అనలేదు. "అప్పుడు ఇంత కనవడేది," అన్నది. అంతే అన్నది. కోపం లేదు ఆ గొంతులో. నిజం మాత్రం ఉంది.

కాసేపటికి నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఇగ నువ్వు చూసి చెప్పు. ఏది వదలకుండ చెప్పు."

ఆమె చూపుడు వేలు పట్టుకుని ఓడ మీద నడిపించాను. ఇది ముందు భాగం, ఇది వంటగది, ఇది మీ కొడుకు పడుకున్న గది, ఇది దాని కిటికీ. కిటికీ దగ్గర వేలు ఆగింది. అంత చిన్న కిటికీలోంచి గాలి వస్తుందా అని అడిగింది. చాచా వస్తుందన్నాడు. ఓడ రంగేమిటని అడిగింది. పైన నలుపు, కింద ఎరుపు అన్నాను. "ఎరుపంటే ఎట్ల? మిరపపండు లెక్కనా, ఇటుక లెక్కనా?" అన్నది. నేను మళ్లీ చూశాను. రెండు నెలలు నా చేతుల్లోనే ఉన్న ఓడ అది. అయినా ఆ ఎరుపును ఇంత జాగ్రత్తగా నేనెప్పుడూ చూడలేదు. ఇటుక లెక్కే, కానీ తడిసిన ఇటుక అన్నాను. ఆమె తల ఊపింది. అట్లా మధ్యాహ్నం దాకా అడుగుతూనే ఉంది. తోచింది చెప్పడానికి వీల్లేదు, ఉన్నదే చెప్పాలి. ఎందుకంటే ఆమె దగ్గర నేను చెప్పింది తప్ప ఇంకేమీ లేదు.

తిరుగు బస్సులో చాలా దూరం వచ్చాక చాచా అన్నాడు, "నేను గూడ అన్ని దినాలు ఆగకుండ ఉండాల్సుండె బిడ్డా." పెద్దమనిషి ఒక పిల్లతో అట్లా అనడం నేను అంతకుముందు వినలేదు.  ఆయన చేతిలోని ఖాళీ చాదర్‌ను తీసుకుని నేను మడత పెట్టాను.

పెద్దయ్యాక ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పాను. చాచా, చాచీ, అవ్వ ఎవరూ ఇప్పుడు లేరు. తప్పు చేసిన పిల్లల్ని నేను ఎదురు చూడనివ్వలేదు, వాళ్లంతట వాళ్లే చెప్పాలని నేనూ ఎదురు చూడలేదు. దగ్గరికి పిలిచి, ఆ రోజే అడిగేదాన్ని, ఆ రోజే విని వదిలేసేదాన్ని. నేను ఎవరికైనా చెప్పుకోవలసింది ఉంటే పొద్దు గూకేలోపే పోయి చెబుతాను. దానివల్ల నా మనసు తేలికవుతుందని కాదు. అవతలి మనిషి దగ్గర ఎన్ని రోజులు మిగిలి ఉన్నాయో నాకు తెలియదు కాబట్టి. అవ్వ నన్ను క్షమించిందో లేదో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగే హక్కు ఉందని ఈ రోజుకూ అనిపించదు. ఆమెకు చూపు ఉన్నప్పుడు నేను పోగొట్టిన ఆ పన్నెండు రోజులు ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి.