సునీత పెళ్ళి లేదని చెప్పడానికి పెనుకొండ, ధర్మవరం

హిందూపురంలో బయలుదేరి పెనుకొండ, ధర్మవరం ఒక్క పొద్దులో చుట్టి రావచ్చా అని చాలామంది అడుగుతుంటారు. రావచ్చు. పోయిన వారం నేనే పోయి వచ్చినాను. కోట చూడ్డానికి కాదు, పట్టుచీర కొనడానికీ కాదు. మా చెల్లి సునీత పెళ్ళి లేదని రెండిళ్ళకు చెప్పి రావడానికి. దాన్ని అడిగే రాస్తున్నాను. "రాయక్కా, అందరికీ ఒకేసారి తెలుస్తుంది, నాకు చెప్పే పని తప్పుతుంది" అనింది.

సునీత హిందూపురంలో మందుల షాపులో పని చేస్తుంది. నిశ్చితార్థం అయిన కాడి నుంచి ఆ అబ్బాయికి ఒకటే పని. ఇప్పుడు యాడుండావు, పక్కన ఎవరుండారు, వీడియో కాల్ పెట్టు. ఒకరోజు నేరుగా షాపుకే వచ్చి, మందులు కొనేవాళ్ళ ముందరే దాని చేతిలో ఫోను లాక్కుని మెసేజీలు చూసినాడు. సునీత ఆ సాయంత్రమే ఉంగరం తీసి ఆ అబ్బాయి వాళ్ళమ్మ చేతిలో పెట్టి వచ్చేసింది. మా నాయనకు చింతపండు వ్యాపారం. సరుకు రేట్లు కూడా తెలుగులోనే టైపు చేసే మనిషి, బంధువుల గ్రూపులో మాత్రం "మ్యారేజ్ కాల్డ్ ఆఫ్" అని ఇంగ్లీషులో పెట్టి ఫోను దిండు కింద దాచేసినాడు. కడుపు మండింది నాకు. కానీ ఆయన మొహం చూసినాక ఏమీ అనబుద్ధి కాలేదు.

బొట్టు పెట్టి పిలిచిన ఇళ్ళకు మనిషే పోయి చెప్పాల, ఫోన్లో చెప్తే మర్యాద కాదు. అట్లాంటివి రెండే ఉన్నాయి. సంబంధం తెచ్చిన మా మేనత్త ఇల్లు పెనుకొండలో, పెళ్ళిచీర నేస్తున్న ఇల్లు ధర్మవరంలో. ఏం చెప్పాలనేదాని మీద ఇంట్లో పెద్ద పంచాయితీ. "ఆగిపోయిందని చెప్పు, చాలు" అని నాయన. జాతకాలు కుదరలేదనమని అమ్మ. నేను చెప్పులేసుకుంటుంటే సునీత వాకిట్లోకి వచ్చింది.

"నేనే వద్దంటినని చెప్పక్కా. వాళ్ళే వదిలేసినారని ఊరంతా నన్ను చూసి అయ్యో అనేది నాకొద్దు."

సరే అన్నాను. అనడం సులభమే.

ఏడు గంటలకు బస్టాండులో పెనుకొండ బస్సు దొరికింది. గంట, గంటంబావు ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగులో ఆడవాళ్ళకు దుడ్లు అడగరు, మగవాళ్ళకు యాభై అరవై రూపాయల లోపే అవుతుంది. కిటికీ పక్కన కూర్చుని చెప్పాల్సిన మాట నోట్లో తిప్పుకున్నాను. ఇంగ్లీషువాళ్ళకు హాయి. వాన పడి ఆట లేకపోయినా కాల్డ్ ఆఫే, సమ్మె మానుకున్నా కాల్డ్ ఆఫే, పెళ్ళి పోయినా అదే. మనకట్లా కాదు. ఆటైతే రద్దు చేసినారంటాం, సమ్మె విరమించినారంటాం, టూరైతే మానుకున్నామంటాం. పెళ్ళి దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది, తప్పిపోయింది, చెడిపోయింది, పెటాకులైంది. దేంట్లోనూ మనిషి లేడు, అన్నీ వాటంతట అవే అయిపోయినట్టు. ఇవన్నీ పోగా మిగిలింది వద్దనడం ఒక్కటే. దానికి మాత్రం ఎవరు వద్దన్నారో చెప్పక తప్పదు.

పెనుకొండలో దిగి బస్టాండు ఎదురుగా బొరుగుల ఉగ్గాని, బజ్జీ తిన్నాను, నలభై రూపాయలు. వండే ఆమె నన్ను చూసి, కొండెక్కేదానికైతే ఎండ ముదరకముందే పొమ్మనింది. చుట్టాలింటికి వచ్చినానంటే ఇంకో బజ్జీ వేసింది. ఆ ఇంటికి పోయేదానికంటే కొండెక్కేదే మేలనిపించింది.

మా అత్త మంచిదే, కానీ నోటికంటే చేతికి తొందర ఎక్కువ. నేను నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, "పెళ్ళి ఆగిపోయిందత్తా" అన్నాను. నాయన మాటే వచ్చింది నోట్లో నుంచి, ఏం చేద్దును. అత్త అక్కడికక్కడే ఏడుపు మొదలుపెట్టింది. బంగారం లాంటి పిల్లను వాళ్ళెట్లా వద్దంటారు, నేను మాట్లాడతా, కాళ్ళు పట్టుకోనైనా ఒప్పిస్తా అంటూ ఫోను తీసి ఆ అబ్బాయి తల్లికి కలిపేసింది. అవతల రింగవుతోంది. ఆమె ఎత్తి, సరే రండి అనిందంటే మా పిల్ల గతేమి?

ఫోను లాక్కుని కట్ చేసినాను. "అత్తా, వాళ్ళు కాదు. మన సునీతే వద్దనింది."

ఆ అబ్బాయి సునీత ఫోను లాక్కున్న కథ కూడా చెప్పినాను, షాపులో అందరి ముందరా అని. అత్త కళ్ళు తుడుచుకుని, "ఆడపిల్ల, ఒకసారి తాంబూలాలు తీసుకున్నాక వద్దనేదేందే? పెళ్ళయితే వానికీ బుద్ధి వస్తుంది గదా" అనింది. రాదత్తా అన్నాను. చాలాసేపు వాదించుకున్నాం. ఒప్పుకోలేదు గానీ, ఆ ఇంటికి మళ్ళీ ఫోను చేయనని నా తల మీద చెయ్యి పెట్టి చెప్పింది. అది చాలనుకుని బయటపడ్డాను.

ధర్మవరానికి పదకొండున్నర బస్సుందని చెప్పినారు. తీరా పోతే ఈ పొద్దు ఆ సర్వీసు లేదన్నారు. ఎందుకని అడిగితే, "లేదంటే లేదమ్మా, పైనోళ్ళు తీసేసినారు" అని ఆ కౌంటరాయన టీ తాగే పనిలో పడినాడు. షేర్ ఆటోలో హైవే దాకా పోయి, అక్కడ బస్సెక్కి సీకేపల్లిలో దిగి, ఇంకో బస్సు పట్టుకుని ధర్మవరం చేరేసరికి రెండు దాటింది. ఈ దారిలో పోయేవాళ్ళు గంట ఎక్కువే వేసుకోండి.

చీర నేసేది నారాయణన్న. ఆయన భార్య లక్ష్మీదేవక్క పట్టుదారం కండెలకు చుట్టి పక్కన సాయం. మగ్గం మీద సునీత చీర సగం దాకా వచ్చింది, చిలకపచ్చకు కుంకుమ అంచు, తనే వచ్చి ఎంచుకున్న రంగులు. ఈసారి నేను కూర్చోకముందే చెప్పేసినాను. "అన్నా, సునీత ఆ అబ్బాయిని వద్దనింది. పెళ్ళి లేదు."

మగ్గం చప్పుడు ఆగింది. ఎందుకంటారో, చీర సంగతేందంటారో అని కాచుకున్నాను. లక్ష్మీదేవక్క చేతిలో కండె పక్కన పెట్టి, "పాప బాగుండాదా? అన్నం అదీ తింటాందా?" అనింది.

ఉంగరం ఇచ్చి వచ్చినప్పటి నుంచి ఎవరికేం చెప్పాలని మేం కొట్టుకుంటూనే ఉన్నాం. అది తింటోందో లేదో ఎవరమూ చూడలేదు. సిగ్గుతో వాళ్ళ ముందరే ఫోను చేసినాను. "ఏమ్మీ, తిన్నావా?" అన్నాను. "లేదక్కా, రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు" అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చినాను. లక్ష్మీదేవక్క నా చేతిలో నుంచి ఫోను తీసుకుని, మంచి పని చేసినావు తల్లీ, ముందు ఇంత పెరుగన్నం కలుపుకో, నువ్వు తినేదాకా నేను ఫోను పెట్టను అనింది. నిజంగానే పెట్టలేదు. చివర్లో సునీత చీర నేయమని చెప్పింది, పెళ్ళి లేకపోయినా తానే కట్టుకుంటుందట.

సాయంత్రం రైలెక్కి హిందూపురం వస్తూ లెక్క చూసుకుంటే తిండికి, ఆటోలకు, రైలుకు కలిపి మూడు వందలు కూడా కాలేదు. మాట ఎట్లా చెప్పాలా అని తల బద్దలు కొట్టుకున్నాను గానీ, చెప్పేసినాక అది ఒక్క ముక్కే. వినేవాళ్ళను బట్టి ఉంటుంది మిగతాదంతా. మా అత్త మీద నాకు కోపం లేదు, కానీ ఆ ముక్క పట్టుకుని మొదట ఆ ఇంటికి పోయుండకూడదు. అందుకే ఈ మూడూళ్ళు తిరగాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. హిందూపురంలో పొద్దున రైలెక్కి నేరుగా ధర్మవరం పోండి, వచ్చేటప్పుడు బస్సులో పెనుకొండ చూసుకోండి. ఆ పదకొండున్నర బస్సును నమ్ముకునే పని ఉండదు, కొండ దగ్గరికి చల్లబడే వేళకు చేరతారు. నాలాంటి పని మీద పోయేవాళ్ళు మాత్రం, బస్టాండుకు పోకముందే, ఇంట్లో పిల్ల తినిందో లేదో చూసి పోండి.