విమానంలో పెట్టిన కొబ్బరికాయలు

మా బీడు మీంచి లేచిన విమానంలో నేను కూర్చున్నాను. కూర్చోవడమే కాదు, "రా బావా, రాజమండ్రిల దించుత" అని పైలట్ స్వయంగా పిలిస్తే, ఇంట్లో గేదె ఈనేలా ఉందని దిగిపోయాను. దిగాను కనకనే ఈ నాలుగు ముక్కలూ రాయడానికి మిగిలాను. ఈ మాట రావులపాలెం అరటి మార్కెట్లో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. విన్నవాళ్ళలో ఒక్కడూ అడగలేదు గానీ, ఆ విమానానికి ఉన్నది ఒక్కటే సీటు. నేను కూర్చున్న మాట నిజమే. అది నేల మీద, ఇంజను ఆపేసి ఉన్నప్పుడు, కాసేపు. గేదె కూడా అప్పటికే ఈనేసింది.

తొంభైల్లో సంగతి. ఆ ఏడు మా కొత్తపేట వైపు వరికి దోమపోటు తగిలింది. పచ్చటి చేలు అక్కడో చాప, ఇక్కడో చాప పరిచినట్టు ఎండిపోతుంటే, పైనుంచి మందు కొట్టిద్దామని ఎవరో కాంట్రాక్టరు చిన్న విమానం తెప్పించాడు. ఏటిగట్టు పక్క బీడు చదును చేసి అక్కడే దింపారు. పైలట్ కుర్రాడిది తెలంగాణ. దగ్గర్లో హోటలు లేదు కాబట్టి భోజనం మా ఇంట్లో. మా ఆవిడ వడ్డిస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"సాలక్కా. ఇట్ల తింటే విమానం లేవదు."

"లేవకపోతే మరీ మంచిదండి. ఇంకో పూట ఉంటారు. పెరుగేసుకోండి," అనేది ఆవిడ.

మా వైపు ఇంటికొచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపడం ఎరగం. పంపితే ఆ ఇంటి పెరడు ఎండిపోయిందనుకుంటారు. బస్సెక్కేవాడి సంచిలో నాలుగు కొబ్బరికాయలు కుక్కుతాం. కారైతే డిక్కీ మూత పడేదాకా దాని మీద కూర్చుంటాం. విమానం మాత్రం వేరే ఎందుకవుతుందనుకున్నాం.

పని అయిపోయి అతను వెళ్ళిపోయే పొద్దున, మా ఆవిడ ఒలిచిన కాయలు గోనెసంచిలో, కొబ్బరి లౌజు డబ్బాలో పట్టుకుని బీడులోకి వచ్చింది.

"జాగా లేదక్కా."

"ఎందుకు లేదండి? మీ సీటెనకాల సామాన్ల అర ఉందంటగా. మీ బావగారు చూసొచ్చేరు."

నేను ఎటో చూశాను. కుర్రాడు నవ్వుతూనే తల అడ్డంగా ఊపాడు.

"ఇయ్యి మీకు కాదండి. మీ అమ్మగారికి."

అమ్మ మాట వచ్చాక అతను చెయ్యి చాపాడు. సంచి అందుకుని తనే సర్దుకున్నాడు.

విమానం పరిగెత్తింది, లేచింది, మా తలల మీద నుంచి వెళ్ళింది. మేమింకా చేతులు ఊపుతూనే ఉన్నాం. ఉన్నట్టుండి చప్పుడు తెగిపోయింది. అంత ఎత్తున విమానం ఉంటే, గట్టు మీద కొంగ రెక్కలు కొట్టుకోవడం వినబడింది. కాలవ దాటగానే ముక్కు దించి చేలో పడింది.

అందరికంటే ముందు పరిగెత్తి అతన్ని బయటికి లాగింది నేనేనని చెబుతుంటాను. అదీ సాగదీసిందే. లాగింది కలుపు తీస్తున్న కూలీలు. నేను వెనక చేరుకుని ఒక కాలు పట్టాను. జీపు వచ్చేలోపే ప్రాణం పోయింది.

మా ఊళ్ళో చెట్టు నుంచి కాయ రాలితే, ఆ చప్పుడు విన్నవాడు వచ్చేసరికే అది ఎవరి బుట్టలోనో ఉంటుంది. ఆ చేలో చెదిరిన కాయల్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. కోతల దాకా బురదలోనే ఉన్నాయి.

టీ కొట్టు దగ్గర ఎవరో "బరువెక్కువైందంటండి" అన్నారు. ఆ మాట మా ఇంటి దాకా వచ్చింది. అప్పటినుంచి మా ఆవిడ ఎవరికీ కాయ ఇవ్వడం మానేసింది. ఆఖరికి సొంత ఆడపడుచు కూడా ఉత్త సంచితో బస్సెక్కింది.

ఇంక నాకదే పని అయింది. "రోజూ ట్యాంకు నిండా మందుతో లేచిన విమానానికి, ట్యాంకు ఖాళీగా ఉన్ననాడు గోనెసంచి ఒక బరువా?" అని లెక్క చెప్పేవాణ్ణి. విచారణకొచ్చిన ఆఫీసరు నా భుజం మీద చెయ్యేసి, తప్పంతా ఇంజనుదేనని చెప్పాడనేవాణ్ణి. ఆఫీసరు నా వైపే చూడలేదు. ఆయన జీపు డ్రైవరు సిగరెట్టు కాలుస్తూ, "ఇంజను ఆగిపోయిందంట" అన్నాడు. అంతే. అయినా అది నిజమే కదా. నిజానికి కాస్త భుజమూ చెయ్యీ తగిలిస్తే ఆవిడ నమ్ముతుందనుకున్నాను. ఆవిడ విని, గిన్నెలు సర్దుకుంటూ వెళ్ళిపోయేది.

ఏళ్ళు గడిచాయి. రెండువేలు దాటాక, ఆవిడ చెల్లెలి కొడుకు దుబాయి తిరిగి వెళ్తూ చూడ్డానికి వచ్చాడు.

"పెద్దమ్మా, ఊరెళ్ళేవాడికి లౌజన్నా పెట్టవా? పెదనాన్న తినేసేరా?" అని వేళాకోళమాడాడు.

ఆవిడ లేచి లోపలికి పోయింది. నేను వాణ్ణి కూర్చోబెట్టి కథంతా చెప్పాను, లోపలికి వినబడేలా. సీటు సంగతి ఒప్పుకున్నాను. కూలీల సంగతి ఒప్పుకున్నాను. ఒక్క కాలు మాత్రమే పట్టానని ఒప్పుకున్నాను. చివర్న ఇంజను అన్న మాట గట్టిగా అన్నాను.

ఆవిడ గుమ్మంలోకి వచ్చింది.

"ఇంజను ఆగిందని నాకెవరూ చెప్పక్కర్లేదండి. ఆగడం నేనూ విన్నాను. బరువని నేనెప్పుడన్నా అన్నానా?"

"మరెందుకు మానేసేవు?"

"మీకు తెలీదు. మీరక్కడ లేరు. కాలు పట్టేనంటారేంటి? గట్టు మీద కూలబడిపోయేరు. మిమ్మల్ని లేపడానికి ఇద్దరు మనుషులు కావలసొచ్చింది. చేలోకి దిగింది నేను. ఆ అబ్బాయి తల నా ఒళ్ళో ఉంది. కాయలున్నయా అక్కా, అమ్మకియ్యాలె అన్నాడు. ఉన్నాయి బాబూ, అన్నీ ఉన్నాయన్నాను. అది విన్నదాన్ని నేను, మీరు కాదు. కాలు పట్టేనని మటుకు ఇంకెవరికీ చెప్పకండి."